కొట్టానికి అనుమతి

ఆల్మా హైజింగా ఇరవై ఆరేళ్లు పసుపుపచ్చ బడి బస్సు నడిపింది. మిషిగన్ పడమటి పల్లెల్లో మంచు ఎంత కురిసినా ఏడుంపావుకల్లా ఆ బస్సు మలుపు దగ్గర కనబడేది. ఆమె రిటైరైన మూడో ఏడు, భర్త గెరిట్ చొక్కా గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాడు. తర్వాత ఇంటి దారి. తర్వాత కూతురి పేరు. కొమ్మ మీంచి పిట్టలు లేచిపోయినట్టు జ్ఞాపకాలు ఒక్కొక్కటే, చప్పుడు లేకుండా వెళ్లిపోతున్నాయి.

అలాంటివాళ్లను పగటిపూట చూసుకునే చోటు గంట ప్రయాణం దూరంలో ఒకటుంది. అక్కడ ఖాళీ లేదు. మిగిలినవన్నీ మనిషిని శాశ్వతంగా అప్పజెప్పి వచ్చే భవనాలు. "అక్కడ పెడితే వారం తిరక్కుండా నన్నూ మర్చిపోతాడు" అనేది ఆల్మా. అందుకే ఇంటి వెనక ఉన్న ఎర్ర కొట్టాన్ని బాగుచేసి, గెరిట్‌తో పాటు మరో ఏడుగురిని పగలంతా తనే చూసుకోవాలనుకుంది. కానీ అది సాగునేల. అందులో సాగు కాని పని ఏది పెట్టాలన్నా టౌన్‌షిప్ వాళ్ల, అంటే ఊరి పాలకమండలి, ప్రత్యేక అనుమతి కావాలి. దరఖాస్తు, నక్షా, ఇరుగుపొరుగులకు నోటీసులు, ఆపైన ఊరందరి ముందూ విచారణ.

నక్షా కావాలంటే సర్వేయర్ రావాలి. ఆ మాటే ఆమెకు మింగుడుపడలేదు. ఆ చుట్టుపక్కల ఎవరూ హద్దులు కొలిపించరు. ఇటువాడి గడ్డికోత యంత్రం ఆగినచోట అటువాడి నేల మొదలవుతుంది, అంతే. కొలిపించడమంటే పొరుగువాణ్ణి దొంగ అన్నట్టే. అందుకే ఆల్మా ముందుగా చెర్రీపండ్లు కూరి కాల్చే తీపి వంటకం, చెర్రీ పై, చేసి పక్కింటి వెండెల్ పోస్ట్‌మాకి పట్టుకెళ్లింది. వెండెల్ అరవై ఎనిమిదేళ్ల బ్రహ్మచారి. ఆపిల్ తోట అతని లోకం. మాటల్లో మహా పిసినారి.

"టౌన్‌షిప్ వాళ్లు అడుగుతున్నారు వెండెల్. లేకపోతే నేను పిలిపిస్తానా?"

"కొలవనీ. నేలేమైనా లేచి పారిపోతుందా? ఆ చెర్రీ పై మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు."

సర్వేయర్‌గా వచ్చిన పడుచుపిల్ల మధ్యాహ్నం దాకా కొలిచి, ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, మీ కొట్టం పక్కవాళ్ల నేలలోకి చొచ్చుకెళ్లింది. పన్నెండు అడుగులు."

ఆల్మాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత తిరిగి కొట్టం వైపు చూసింది. నలభై ఏళ్లుగా కళ్ల ముందున్న కొట్టం ఒక్కసారిగా పరాయి ఇంటి గోడలా కనిపించింది. వెండెల్‌ని పిలిచి చూపిస్తే అతను టోపీ వెనక్కి తోసి బుర్ర గోక్కున్నాడు. "అప్పట్లో హద్దు వేసిన ముసలాళ్లెవరో పొరపాటు పడ్డారు. పోయినవాళ్లతో తగవేంటి? రాసిచ్చేస్తాలే."

మే నెల సాయంత్రం విచారణ జరిగింది. టౌన్‌షిప్ హాల్లో మడత కుర్చీలు, మూల కాఫీ పాత్ర. అధ్యక్షురాలు లోర్నా టెబ్ చిన్నప్పుడు ఆల్మా బస్సులో వెళ్లిన పిల్లే.

"ఎవరైనా సరే మూడు నిమిషాలే మాట్లాడాలి. ఆల్మాగారూ, మీ బస్సులో నన్నెప్పుడైనా నోరు తెరవనిచ్చారా? ఇవాళ నా వంతు!"

అందరూ నవ్వారు. మతిలేనివాళ్లు రోడ్డు మీదికి వస్తే ఎలా అని ఒకాయన అడిగాడు. కంచె వేయిస్తానని ఆల్మా చెప్పింది. తర్వాత వెండెల్ లేచాడు.

"ఎవరిదో పొరపాటు. ఆ పన్నెండు అడుగులూ ఇచ్చేస్తున్నా. అంతే."

ఆల్మా కళ్లు చెమర్చాయి. గెలిచేశాననే అనుకుంది. అప్పుడు ఆమె పక్కనున్న కుర్చీ కిర్రుమంది.

"పొరపాటు కాదు" అన్నాడు గెరిట్.

అతను నిటారుగా నిలబడి ఉన్నాడు. గొంతు ఖంగున మోగుతోంది. చర్చిలో పెద్దమనిషిగా ఉన్న రోజుల్లో ప్రార్థన చదివిన గొంతు అది. ఆల్మా దాన్ని విని రెండేళ్లయింది.

"హద్దుకు గుర్తుగా ఉన్న ఇనప గొట్టాన్ని కొట్టం కట్టేముందు నేనే పీకాను. ముందురోజు వాన పడింది, నేల మెత్తగా ఉంది. అటు జరిపి పాతాను. మా వైపంతా ఊట, కొట్టం నిలవదు."

"గెరిట్, కూర్చో."

"ఈ వెండెల్ వాళ్ల నాన్న వచ్చి అడిగాడు, హద్దు ఇదేనా అని. ఇదే అన్నాను. పాపం, నా నేలలో ఉన్నాయనుకుని తన బేరి చెట్లు మూడూ తనే నరుక్కున్నాడు."

మూల కాఫీ పాత్ర బుసకొడుతోంది. గెరిట్ కూర్చున్నాడు. "ఇంటికెళ్దామా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

అడిగి తెచ్చుకున్న సుత్తిని మంచు తుఫానులో వెనక్కి ఇచ్చి వచ్చిన మనిషి. ఆల్మా అతని చేతి వైపు చూసింది. నలభై ఒక్క ఏళ్లు పట్టుకున్న చెయ్యి అది. ఎవరిదో తెలియలేదు.

వెండెల్ మొహం సున్నం కొట్టినట్టయింది. "ఆ చెట్ల కోసం మా అమ్మ మా నాన్నతో ఏడాది మాట్లాడలేదు" అన్నాడు. "నేనన్న మాట కొట్టెయ్యి లోర్నా."

పొరుగువాడి సంతకం లేనిదే కుదరదని దరఖాస్తును నెలకి వాయిదా వేశారు.

బయట ఆల్మా కారు దగ్గరికి వెండెల్ వచ్చి కిటికీలోకి వంగాడు. "ఎందుకు చేశావురా?"

గెరిట్ మర్యాదగా నవ్వాడు. "మీరు ఎవరబ్బాయి?"

వెండెల్ కిటికీ నుంచి వెనక్కి జరిగాడు. "తిడదామంటే ఇందులో మనిషే లేడు" అని వెళ్లిపోయాడు.

ఆల్మా అతన్ని బతిమాలలేదు. ఏ మొహంతో అడుగుతుంది? శాశ్వతంగా ఉంచే భవనానికి ఫోన్ చేసి గెరిట్ పేరు రాయించింది. మూడు వారాల తర్వాత, ఒక పొద్దున ఆల్మా వంటింటి గుమ్మంలో వెండెల్ నిలబడ్డాడు. చేతిలో సంతకం పెట్టిన కాగితం.

"ఒక్క షరతు. రోజూ వచ్చి వాడి పక్కన కూర్చుంటా."

"దేనికి?"

"మొన్నటిలా మళ్లీ ఎప్పుడైనా తెరుచుకుంటాడేమో. మా నాన్న నిజంగా నమ్మి నరికాడా, తెలిసీ గొడవెందుకని ఊరుకున్నాడా? వాడొక్కడికే తెలుసు."

అనుమతి వచ్చింది, ఎనిమిది మందికి. ఎర్ర కొట్టంలో ఇప్పుడు పొడుగాటి బల్ల, కిటికీల నిండా వెలుతురు, నెమ్మదిగా బఠాణీలు ఒలిచే ముసలి చేతులు. గెరిట్‌ని ఆ భవనానికి పంపలేదు, అతనూ ఆ బల్ల దగ్గరే ఉంటాడు. వెండెల్ అతని పక్క కుర్చీలో ఉంటాడు. గెరిట్ ఏదో చెప్పబోతూ పెదవులు కదిపితే చాలు, వెండెల్ ముందుకు వంగుతాడు. ఆల్మా చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోతుంది. ఈ మనిషి ఇంకా ఏమేం జరిపి పాతాడో!

"ఈ కాఫీ చల్లారిపోయింది" అంటాడు గెరిట్.

ఇద్దరూ ఊపిరి వదులుతారు. వెండెల్ నిరాశతో, ఆల్మా ఇవాళ్టికి కొత్త నిజమేదీ బయటపడనందుకు. ఆమె వేడి కాఫీ తేవడానికి లేస్తుంది.