పన్నెండు ఇళ్ళ వ్యానులో అక్క బర్రె

మీరు నవ్వుతారు, నవ్వండి. మా అక్క మాత్రం ఈ మాటెత్తితే ఇప్పటికీ కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. డెబ్బైల చివర్లో ఆమె కొత్తింటి శుభకార్యాన్ని గుప్పెడు గులకరాళ్ళతో నేనొక్కణ్ణే సర్వనాశనం చేశాను.

ఉదయగిరిలో పులిమేక ఆటలో నన్ను ఓడించినవాడు లేడు. డిగ్రీ రెండుసార్లు తప్పినవాడికి ఆమాత్రం గర్వం ఉండొద్దా? బావకు ఆత్మకూరు బదిలీ అయింది. గురువారం పొద్దున అక్కడి ఇంట్లో పాలు పొంగించాలి. అవి మన బర్రె పాలే కావాలని అవ్వ పట్టు. అక్కకు ఆ బర్రంటే ప్రాణం. బుధవారమే సామాను, బర్రె, దూడ అన్నీ చేర్చే పని నాకప్పగించారు. వాళ్ళ ఖర్మ!

అరుగు మీద సుద్దతో వ్యాను గీశాను. పులిమేక పటంలోలాగే రాళ్ళు పెట్టేందుకు పన్నెండు ఇళ్ళు. బీరువాకో రాయి, మంచానికో రాయి, రోలుకో రాయి, బర్రెకో రాయి, దూడకో రాయి... ఆటలో పులైనా మేకైనా పట్టేది ఒక్క ఇల్లే కదా! అన్నీ సర్దాక రెండిళ్ళు మిగిలాయి కూడా.

"లారీ తెచ్చేదా తమ్ముడూ?" అన్నాడు డ్రైవర్ ఖాదర్ భాయ్.

"ఎందుకు భాయ్? చిన్న వ్యాను చాలు. ఆడి చూసినా."

"బర్రెను చూసినావా?"

"రోజూ చూస్తానే ఉండా!"

బుధవారం బీరువా, మంచాలు ఎక్కేసరికే వ్యాను నిండిపోయింది. అన్నీ దించి, ముందు బర్రెనే ఎక్కిద్దామన్నాను. చెక్క పలక వేసి తోశాం. అది ముందు కాళ్ళు పెట్టిందో లేదో, వ్యాను వెనక్కి కూలబడి ముందు చక్రాలు పైకి లేచాయి. ఖాదర్ భాయ్ ఎగిరి బానెట్ మీద కూర్చున్నాడు.

"దించరా సామీ! నా బండి సచ్చిపోతాది!"

"ఓర్చుకో భాయ్! ముందుపక్క రోలు పెడితే సమానమైపోద్ది!"

నలుగురం రోలెత్తి, ఆయాసపడుతూ, ముందుపక్క వదిలాం. అది అడుగు చెక్కను చీల్చుకుని రోడ్డు మీద కూర్చుంది. ఆ చప్పుడుకు బర్రె దిగి పరుగెత్తింది.

"ఇప్పుడన్నా లారీ పిలువు భాయ్!"

"ఏడుండాదిరా లారీ? నువ్వొద్దంటివని కలిగిరి బాడుగకు పంపించినాను!"

అక్క నా చెయ్యి పట్టుకుంది. "బర్రె రాకపోతే పాలెట్లరా?"

నేను పరుగెత్తి బర్రెను పట్టుకొచ్చాను. చిల్లు పడ్డ వ్యానులో సామాను, జనం వెళ్ళిపోయారు. బర్రెను, దూడను తోలుకుంటూ నేను నడిచాను. దారిలో కనపడ్డ ప్రతి మడుగులోనూ అది పడుకుంది. ఒడ్డున కూర్చుని నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆత్మకూరు చేరాం. ముందురోజు అక్క టీకొట్టు పాలు పొయ్యి మీద పెట్టిందట. అందులో సగం నీళ్ళే. ఎంతసేపు మంట పెట్టినా పొంగలేదట. నేను తోలుకొచ్చిన బర్రె కూడా అలసిపోయి చుక్క ఇవ్వలేదు.

అవ్వ నా బొబ్బల కాళ్ళు చూసి, "ఏందిరా, వ్యానులో అందరికీ జాగా ఉందన్నావంటనే, మీ అక్క చెప్పింది. రాళ్ళు పెట్టినప్పుడు నీకొకటి పెట్టుకోలేదా?" అంది.

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పెట్టుకోలేదు!

ఆ పూటే బర్రె తోక పట్టుకుని ప్రమాణం చేశాను. ఇకమీద పులికైనా బర్రెకైనా గులకరాయి పెట్టను, ఆ రోలే పెడతాను. రోలు జరపడానికి ప్రతి ఎత్తుకూ నలుగురు కావాలి కనక, పులిమేక ఆట అంతటితో సరి.