బిడ్డ వయసు రెండేళ్లు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

దోమలు మోసుకొచ్చే వైరస్‌లను చుట్టరికం చూసి గుంపులు కట్టే లేబొరేటరీలో అసిస్టెంటుని. జ్వరం తగ్గిన మనిషి రక్తం ఆ వైరస్‌ను గుర్తుపట్టి అడ్డుకుంటుంది. ఒకే ఒక్క జ్వరం చూసిన రక్తం రెండు వైరస్‌లను అడ్డుకుంటే, ఆ రెండూ దగ్గర చుట్టాలన్నమాట. పెద్దవాళ్లకైతే ఎన్ని జ్వరాలు వచ్చిపోయాయో ఎవరికి తెలుసు? అందుకే పసిపిల్లల రక్తం మాకు బంగారం. ఈ పనిలో నా అంతవాడు లేడు. ఇప్పటికీ అదే మాటంటాను.

రాష్ట్రాలు కలిసిన కొత్తలో నన్ను వికారాబాద్ పంపారు. ఒకరోజు తాండూరు నుంచి ఒక పెద్దాయన పాసింజరు రైల్లో వచ్చి, అక్కడి కాంపౌండరు తీసిచ్చిన రక్తం సీసా నా బల్లమీద పెట్టాడు. "నా బిడ్డది సార్, జరమొచ్చి తగ్గింది" అన్నాడు. మాది గుంటూరు వైపు. మాకు బిడ్డంటే చంటిపిల్ల. వయసు అడగొచ్చు కదా? అడగలేదు. నాకు తెలియనిదేముందని! రెండేళ్లు అని రాసేశాను.

ఆ రక్తం మాకు ముందే తెలిసిన పాత వైరస్‌నూ అడ్డుకుంది, తాండూరు దోమల్లో కొత్తగా దొరికినదాన్నీ అడ్డుకుంది. మా పెద్ద డాక్టరు గంతేసినంత పని చేశారు. రెండూ ఒకే గుంపని తేల్చి, అందరి ముందూ నా భుజం తట్టారు.

మూడు వారాలకు, రెండోసారి రక్తం తీయడానికి నేనే తాండూరు వెళ్లాను. "గిదే సార్ నా బిడ్డ" అంటూ పెద్దాయన చూపించిన మనిషికి పాతికేళ్లుంటాయి. ఇక్కడ బిడ్డంటే కూతురట. పాతికేళ్లలో ఆమెకు ఆ రెండు జ్వరాలూ వేర్వేరుగా వచ్చిపోయి ఉండొచ్చు.

ఆమె చెయ్యి చాపింది. "నా పెనిమిటి గూడ గీ జరంతోనే పోయిండు సార్. గిదేం జరమో తెల్సిందా?"

అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? పొరపాటు ఎవరికి రాదు, దిద్దుకుంటే పోయేది. కానీ అందరి ముందూ భుజం తట్టించుకున్నవాణ్ణి, ఒక్క మాట అర్థం కాక తప్పు రాశానని వెనక్కి వెళ్లి చెప్పుకోవడం నావల్ల కాలేదు. "పాత జ్వరమేనమ్మా, కొత్తదేం కాదు" అన్నాను.

"గట్లనా సార్" అంది. నమ్మింది.

రెండో సీసామీద కూడా రెండేళ్లనే రాశాను. మొదటిది పొరపాటు. ఇది మోసం.

తాండూరులో ఇక వెతకాల్సిందేమీ లేదని మావాళ్లు సామాను సర్దేశారు. ఆ రెండూ నిజంగానే చుట్టాలేమో, ఏమో! క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. ఇది రాశాక మాత్రం గుండె కాస్త తేలికపడింది. ఆ రోజు ఆమెకు చెప్పాల్సింది ఒక్కటే మాట: నీ మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నదేమిటో నాకు తెలియదమ్మా.