మంచం కింద సాప

2023 ఎండాకాలం. బెంగాల్‌లోని మా రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలో నాది చాపల కొట్టు. ఎనిమిదో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. అందుకే నాకు ఒక్క మొక్క గురించే తెలుసు. అది తుంగ.

తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి. గడ్డికాడైతే గుండ్రంగా ఉంటుంది. ఆ తుంగను నిలువునా చీల్చి, ఎండబెట్టి నేసిన చాపే ఇక్కడి మాదుర్. వేసవిలో ఒంటికి చల్లన.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఉండే సరళమ్మ రైల్వే ఆఫీసు ఉద్యోగి. తుంటి ఆపరేషనై మంచాన ఉన్న తల్లి కోసం నా దగ్గర మాదుర్ కొన్నారు. దానికి ఎడ్జ్ బైండింగ్, అంటే అంచుకు గుడ్డపట్టీ, కుట్టడానికి మర్నాడు వెళ్లాను. గుమ్మం ముందు వీధంతా కర్రలతో నిలబడి ఉంది. సరళమ్మ తల్లిని చూసుకునే ఆయా మాలాదీ చేతిలో బట్టల సంచి.

"ఇంట్లో పాముందట," అంటూ పక్కింటాయన ఫోన్ నా చేతికిచ్చాడు. అవతల సరళమ్మ.

"అమ్మని కదపకండి, నానొచ్చేస్తన్నాను. మాలాని మాత్రం ఎల్లనీకండి. ఈవిడ కూడా మానేస్తే నాను ఉద్యోగం మానుకోవాల."

మాలాదీని బెంగాలీలో అడిగాను. "పామును ఎవరు చూశారు దీదీ?"

"చూడ్డానికి నేనుంటేగా దాదా. మాసీమా మంచం కింద చూపించి 'సాప, సాప' అంటున్నారు."

నవ్వాగలేదు. మా శ్రీకాకుళం నోట చాప 'సాప' అవుతుంది. బెంగాలీ చెవికి అది సాప్, అంటే పాము. మాలాదీ బెంగాలీలో కేక పెట్టేసరికి తెలుగువాళ్లూ పామనే నమ్మేశారు. మాలాదీ 'మాసీమా' అనే సరళమ్మ తల్లిని, మా మామ్మను, అసలేమన్నావని ఎవరూ అడగలేదు.

లోపలికి వెళ్లాను.

"వచ్చినావా? ఈ పరుపు మీద ఈపు ఉడికిపోతంది. సాప ఎయ్యమంటే అదేటి, సంచి సర్దుకుని ఎల్లిపోయింది?" అంది మామ్మ.

మంచం కింది చాప చుట్ట లాగి, గుమ్మం దాకా తెచ్చి మాలాదీ ముందు పరిచాను. "ఇదీ మా సాప. కరవదు." ఆవిడ సంచి లోపల పెట్టి, మామ్మ వీపు తుడవడానికి తడిగుడ్డ తెచ్చింది. సరళమ్మ వచ్చేసరికి మామ్మ మాదుర్ మీద ఉంది.

ఇప్పుడు ఏ ఇంటికి చాప ఇచ్చినా, పేరు రెండు భాషల్లోనూ చెప్పి మరీ వస్తాను. ఇల్లు చేరాల్సింది సరుకొక్కటే కాదని ఆ రోజు తెలిసింది.

ఆ రోజే, మంచం వార వేలాడుతున్న మాదుర్ అంచు కుడుతూ మామ్మతో అన్నాను. "నీ ఒక్క మాటకి వీధంతా కర్రలట్టుకొచ్చీసినారు మామ్మా."

"మరేటి. నీ సాపని సూడ్డానికి ఇంతమంది వచ్చినారు. నీ కొట్టుకాడికి ఎప్పుడైనా వచ్చినారేటి?"