నా ఎత్తు బెల్లం

నా పరువు మెదక్‌లో చాలాసార్లు పోయింది గానీ, నలుగురి ముందు కాంటాలో కూర్చుని పోగొట్టుకున్నది మాత్రం ఒక్కసారే. వినండి, నవ్వుకోండి, నాకేం నామోషీ లేదు.

తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన రోజు నేను యాభై కిలోల మనిషిని. ఊళ్లో పొలాల వెంట తిరిగినవాణ్ని, టౌనుకొచ్చి కుర్చీకి అతుక్కున్నాను. పదింటికి చాయ్, పదకొండింటికి మిర్చీలు. ఆరేళ్లలో మా గుమాస్తాలందరి బొజ్జలూ బల్లల అంచులు తాకాయి. నాది బల్ల మీదికే ఎక్కింది. "జర ఒళ్లు చేసినవ్ సార్" అని ఎవరైనా అంటే, "అంగీ ఉతికితే గుంజుకపోయింది" అని దబాయించేవాణ్ని.

అంతలో ఊరి నుంచి అమ్మ వచ్చింది. నాకు సర్కారు కొలువు దొరికితే, నా ఎత్తు బెల్లం పాపన్నపేట దగ్గరి దుర్గమ్మకు ఇస్తానని ఎప్పుడో మొక్కిందట.

"ఎంత బరువున్నవ్ కొడకా? బెల్లం తేవాలె."

"యాభై," అన్నాను తడుముకోకుండా.

"జర సూస్కొని చెప్పరాదు."

"నా బరువు నాకు తెల్వదా అమ్మా?"

పాపం, నమ్మి యాభై కిలోలే తెచ్చింది. గుడి ముందు కాంటాలో ఒక పళ్లెంలో నేను, రెండో పళ్లెంలో బెల్లం. నా పళ్లెం నేలను వదలలేదు.

కాంటా పట్టినాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మా, సగం మనిషికే తెచ్చిండ్రు."

"కాంటా ఖరాబున్నది," అన్నాను. వెనక వరుసంతా నవ్వింది.

దిగబోతే అమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. తూగకుండా దిగితే మొక్కు చెడి నాకే కీడు జరుగుతుందని ఆమె భయం. అది చూస్తే, నా అబద్ధం మీద నాకే అసహ్యం వేసింది.

"మిగిలింది రేపు తెచ్చియ్యుండ్రి అమ్మా," అన్నాడు కాంటా ఆయన.

"ఏందయ్యా, సగం కొడుకుకే మొక్కిన్నా నేను?"

కొంగు బిగించి దుకాణాలన్నీ తిరిగి బెల్లం తెచ్చింది. ముద్ద పడినప్పుడల్లా జనం వంగి నా పళ్లెం కిందికి చూశారు. నేను మాత్రం జమీందారులా మీసం దువ్వుతూ కూర్చున్నాను. ఇంకేం చేయాలి మరి? చివరికి బెత్తెడు లేచాను. డప్పు మోగింది.

అమ్మ కళ్లు తుడుచుకుని చేతులు జోడించింది. "తల్లీ, టౌనుల సరైన తిండి లేక పోరడు బక్కగైండు. జర ఒళ్లు చేస్తే మళ్లొచ్చి తూకమేపిస్త."

అక్కడే, ఆ పళ్లెంలోనే ప్రమాణం చేశాను. సన్నబడతానని కాదు, అంత పిరికివాణ్ని కాను. ఈ జన్మలో అమ్మను కొబ్బరికాయకు మించి మొక్కనివ్వనని.