పట్టికలో లేని నంబరు

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. కీబోర్డు చప్పుడు విని, పక్క సీటులో ఉన్న చూపులేని టీచరమ్మ నా వైపు తిరిగింది.

"కంప్యూటర్ పనాప్పా నీది? ఇదేందో కొంచెం సూడు."

ఆమె ఒళ్లో ల్యాప్‌టాప్, దానికి తగిలించిన కొత్త బ్రెయిలీ పట్టీ ఉన్నాయి. తెరమీది అక్షరాలు పట్టీ మీద చుక్కలై పైకి లేవాలి. లేవడం లేదు.

"కంప్యూటరే చదివి వినిపిస్తాది, చెవిలో పెట్టుకొని వినొచ్చు గదక్కా?" అన్నాను.

"చెవిలో అది మాట్లాడతాంటే నేను పిల్లోళ్లకు పాఠమెట్ల చెప్పేది?"

పట్టీ బాగానే ఉంది. ఏ పరికరమైనా తగిలించగానే తన నంబరు చెబుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్, పరికరాలను నడిపే డ్రైవర్ ప్రోగ్రాముల్లో ఆ నంబరు దేని పట్టికలో ఉందో వెతికి రెండింటినీ కలుపుతుంది. సరిపోయే డ్రైవర్ ఉంది కానీ, ఈ కొత్త మోడల్ నంబరు దాని పట్టికలో లేదు. ఆమె ల్యాప్‌టాప్‌లో నేనే దాన్ని చేర్చాను. చుక్కలు లేచాయి. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఆమె వేళ్లతో చదువుతూనే ఉంది.

దిగబోతూ అడిగింది. "ఇంగోరు కొంటే వాళ్లకూ పనిచేస్తాదా?"

"లేదక్కా, మీ దాంట్లో మాత్రమే చేర్చినా."

"వాళ్ల పక్కన నువ్వు కూసోవు గదప్పా."

తర్వాత ఆ నంబరును కెర్నెల్ తయారుచేసేవాళ్లకు పంపాను. వాళ్లు చేర్చుకున్నారు. ఇప్పుడు కొత్త కెర్నెల్ ఉన్న ఏ కంప్యూటర్‌కు తగిలించినా ఆ పట్టీ పనిచేస్తుంది. లోపం చెప్పినవారి పేరు కూడా రాయడం అక్కడి ఆనవాయితీ. ఆమె పేరు నేను అడగలేదు. ఆ చోటు ఖాళీగానే వదిలేశాను.