కంపైల్ అయ్యేలోపు టీ

మా రోజుల్లో ప్రోగ్రాం రాసి 'కంపైల్' అన్న మీట నొక్కితే, మన రాత యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మారేలోపు మనిషి లేచి, మెట్లు దిగి, టీ తాగి రావచ్చు. నోయిడాలో మా ఆఫీసుకి అదొక ఆచారం. ఎవరి కంపైల్ ఎంతసేపో వారి టీ అంతసేపు. ఆ లెక్కన నా అంత అదృష్టవంతుడు టీమ్‌లో లేడు. ఒక ఇన్సూరెన్సు దరఖాస్తు స్క్రీన్ మొత్తాన్ని, పేరు రాసే గడి నుంచి సబ్మిట్ బటన్ దాకా, రంగులూ షరతులతో సహా ఒకే ఒక్క వాక్యంగా రాసిపారేశాను మరి (అది గొప్ప అనుకునే వయసు). బ్రాకెట్లో బ్రాకెట్టు, దాని కడుపులో ఇంకో బ్రాకెట్టు. ఆ చిక్కు విప్పలేక కంపైలర్ నానా అవస్థా పడేది, ఒక్కోసారి చేతులెత్తేసి అలాగే ఉండిపోయేది.

నాకు మాత్రం హాయి. కింద టీ బండి దగ్గరికి టెస్టింగ్‌లో పనిచేసే తెనాలి అమ్మాయి కూడా వచ్చేది. నా ప్రోగ్రాం తయారైతేగానీ ఆవిడకి పరీక్షించడానికి ఏమీ ఉండదు. మయూర్ విహార్ నుంచి ఇద్దరం ఒకే చార్టర్డ్ బస్సులో వచ్చినా ఆవిడ ముందు సీట్లో, నేను వెనక డోరు పట్టుకుని. మాట్లాడే భాగ్యమంతా ఆ బండి దగ్గరే. ఢిల్లీ అశోకా రోడ్‌లో మన తెలుగు క్యాంటీన్‌లో దొరికే పప్పు, ఆవకాయ గురించి ఎంతైనా మాట్లాడేవాణ్ని. అసలు మాట మాత్రం గొంతు దాటేది కాదు, ఈలోగా పైన కంపైల్ అయిపోయేది.

అంతలో మా టీమ్ లీడ్ పిలిచాడు. ఎల్లుండి క్లయింట్ వస్తున్నాడనీ, ఆ స్క్రీన్‌ని ముక్కలు చేయకపోతే తను నన్ను చేస్తాననీ హిందీలో ఎంతో మర్యాదగా చెప్పాడు. ఏడుపొక్కటే తక్కువగా కూర్చుని, పేరు గడి ఒక ముక్క, చిరునామా ఒక ముక్క, ప్రతి షరతుకీ ఓ పేరు పెట్టి విడివిడిగా రాశాను. సాయంత్రానికి మీట నొక్కితే కుర్చీలోంచి లేచేలోపే అయిపోయింది. టీ ఆచారం చెడగొట్టానని టీమంతా నన్ను ద్రోహిని చూసినట్టు చూశారు.

ఇక ఆ అమ్మాయితో మాట్లాడే వేళే ఉండదని అప్పుడు తట్టింది. పరుగున కిందికి దిగాను. ఆవిడ అప్పటికే అక్కడుంది. ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాను.

"నా ఉద్యోగం కన్‌ఫర్మ్ అయితే, అంటే అయ్యాక, మీకు అభ్యంతరం లేకపోతే, ఒకవేళ మీ ఇంట్లో వేరే సంబంధమేదీ చూడకుండా ఉంటే, మా అమ్మావాళ్లు ఓసారి తెనాలి వచ్చి, అదీ మీరు సరేనంటేనే..."

ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. రెప్ప కూడా కదల్లేదు (ఆ లక్షణాలు నాకు బాగా పరిచయమే).

"స్క్రీన్ ముక్కలు చేశారటగా," అంది చివరికి. "ఇది కూడా చేసి చెప్పండి."

"మీరంటే ఇష్టం," అన్నాను.

"ఠీక్ హై," అంది.

ఇప్పుడు ఏ ప్రోగ్రామైనా వేలు తీసేలోపు కంపైల్ అవుతోంది. టీకి లేవడానికి సాకే లేదు. ఇంట్లో నేను ఏదైనా మొదలుపెట్టి 'అంటే', 'ఒకవేళ' అనగానే మా ఆవిడ చేతిలో పని ఆపి అలా చూస్తుంది. అప్పుడు టీ బండి దగ్గర చెమటలు కక్కుతున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, అంత చిన్న మాట కోసం ఎంత టీ తాగాడో వెధవ.