గణపతిరావు మాస్టారి దాహం

మా చోడవరంలో గణపతిరావు మాస్టారు మంచినీళ్లడగని గుమ్మం లేదు. అడిగిన నీళ్లు తాగిన గుమ్మమూ లేదు. గ్లాసు అందుకునేవారు, వెలుగుకి పెట్టి చూసేవారు, సంచిలోంచి సీసా తీసి అందులోకి ఒంపుకుని మూత బిగించి, "చల్లగా ఉండండమ్మా" అని వెళ్లిపోయేవారు.

ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేను శిష్యుణ్ణి. డిగ్రీ మధ్యలో మానేశాను గానీ, మానకపోతే కెమిస్ట్రీయే ఊరొదిలి పారిపోయేది. ఆయన సీసాలు వరసగా పేరిస్తే వడ్డాది దాకా వస్తాయని ప్రచారం చేసింది నేనే. జనం దాన్ని దేవరాపల్లి దాకా లాగారు. అబద్ధంలో నన్ను మించినవాళ్లని అప్పుడే చూశాను.

నవ్వుకున్న జనానికే తర్వాత మండింది. తొంభై ఆరు నాటికి ఊరంతా ఒకటే మాట: మన చేతి నీళ్లు తాగితే ఆయన కులం మైలపడిపోతుంది కాబోలు. పెళ్లిళ్లకి పిలవడం మానేశారు. జనం మాటలు చెవిన పడ్డాయా అని అడిగితే, "పడ్డాయిరా. నీ ల్యాబ్ రికార్డే ఇంకా కంటపడలేదు" అన్నారు.

పెరట్లో ఇంకో పిచ్చి నడిచేది. ఇటుకల బట్టీకి లారీల్లో వచ్చే బొగ్గు బూడిదని బస్తాలో తెచ్చి, కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి, కడిగి కడిగి, బంకమన్ను కలిపి గుళికలు కాల్చేవారు. జియోలైట్ అట. రేణువు నిండా కంటికి కనబడని గదులట. పాత అద్దెవాణ్ణి గెంటేసి కొత్తవాణ్ణి దింపుకునే ఇంటాయనలాగ, సోడియాన్ని బయటికి తోసి నీళ్లలో కలిసిన సీసం లోహాన్ని లోపలికి లాక్కుంటుందట. బూడిదలో పోసిన పన్నీరు మాస్టారూ అన్నాను. పన్నీరు అక్కర్లేదు, నూతి నీళ్లు చాలన్నారు.

ఆ గుళికలు నింపిన కుండ ఒకటి బజార్లో అచ్చియ్యమ్మ టీకొట్టుకి ఇచ్చారు. ఆ కుండలోంచి దిగిన నీళ్లతో కాస్తే టీ రుచిగా ఉంటుందని చెప్పారు.

కొట్టు పక్కనే బంగార్రాజు షెడ్డు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తాడు. పంచాయతీ మెంబరు. మాస్టారు కులం చూసి నీళ్లు మానేస్తున్నారు, ఉద్యోగంలోంచి తీసెయ్యాలని అర్జీ పెట్టింది అతనే. పంచాయతీ ఆఫీసు వరండాలో జనమంతా చేరారు.

"ఎందుకు తాగరో సెప్పండి మాస్టారూ," అన్నాడు ప్రెసిడెంటు.

మాస్టారు భుజం మీది సంచి సర్దుకున్నారు. ఆయన సీసాలు కాలేజీ ల్యాబుకి మోసినవాణ్ణి, నాకు తెలుసు. అన్ని ఇళ్ల నీళ్లూ పరీక్షిస్తే సీసంతో చెడింది ఒక్క నుయ్యే. అది అచ్చియ్యమ్మ కొట్టు వెనక ఉంది, షెడ్డు కడుగు నీళ్లు అందులోకి దిగాయి. ఆమె ఒక్కర్తినే నీళ్లడిగితే ఊరు పసిగడుతుంది, ఆ ఒంటిమనిషి పొయ్యి ఆరిపోతుంది. అందుకని అందర్నీ అడిగారు. పోనీ మిగతా ఇళ్లల్లోనైనా తాగొచ్చు కదా అంటే, తాగని చోటే అనుమానం పుడుతుందిరా అన్నారు. షెడ్డు సంగతి ఆఫీసర్ల చెవిన వేస్తే, వచ్చినవాళ్లు బంగార్రాజు ఇంట్లో భోంచేసి, అంతా భేషుగ్గా ఉందని రాసుకుపోయారు. ఇదంతా చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నా నోట్లో ఆగిన రహస్యం ఈ జన్మకి అదొక్కటే.

"సెప్పడానికి నోరేది?" అన్నాడు బంగార్రాజు. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ అచ్చియ్యమ్మ వచ్చింది, చేతిలో గ్లాసుతో.

"నా కొట్లో కుండ నీల్లు. తాగండి మాస్టారూ."

మాస్టారు అలవాటుగా వెలుగుకి పెట్టి చూశారు. చెయ్యి సంచి వైపు వెళ్లి ఆగింది. గుక్క తిప్పుకోకుండా తాగేసి, ఇంకో గ్లాసు ఉందా అని అడిగారు.

అర్జీ అక్కడే చచ్చింది. షెడ్డు చావలేదు, ఆ ఏడే బంగార్రాజుకి ఉత్తమ పారిశ్రామికుడని శాలువా కప్పారు. మాస్టారికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పెళ్లి పిలుపులు మాత్రం మళ్లీ మొదలయ్యాయి.

ఆ రోజు మెట్లు దిగుతుంటే అచ్చియ్యమ్మ గొంతు తగ్గించి, "కుండలో గుళికలు మార్సాలండి, పాతబడిపోనాయి," అంది.

మాస్టారు మెట్టు మీదే నిలబడిపోయారు. "నీకు ఎప్పుణ్ణించి తెలుసే?"

"టీ రుసి కోసం బూడిద ఎవులైనా ఏస్తారేటండి?"